చెయ్యి లేవడం లేదా, ఇంకొకరు లేపినా లేవడం లేదా?

"చెయ్యి లేవడం లేదు" అని చెప్పుకునే వాళ్లందరి జబ్బూ ఒకటి కాదు. కొందరు తమంతట తాము చెయ్యి ఎత్తలేరు గానీ, పక్కనున్న మనిషి మోచెయ్యి కింద పట్టుకొని మెల్లగా ఎత్తితే అది తలదాకా వచ్చేస్తుంది. మరికొందరి చెయ్యి వాళ్లు ఎత్తుకున్నా, ఇంకొకరు ఎత్తినా, గడియ పెట్టిన తలుపులాగా ఒకే చోట ఆగిపోతుంది. ఇవి రెండూ కాక మూడో రకం ఒకటి ఉంది: చెయ్యి ఎటు తిప్పినా ఇబ్బంది లేకుండా తిరుగుతుంది, అయినా భుజంలో నొప్పి మాత్రం నిలిచి ఉంటుంది. మొదటి రకంలో కండరంలోనో దాని కొసలోనో లోపం ఉండే అవకాశం ఎక్కువ. రెండో రకంలో కీలే బిగుసుకుపోయి ఉంటుంది. మూడో రకంలో చాలాసార్లు భుజానికి ఏమీ అయి ఉండదు. నొప్పి మెడ నుంచో, గుండె నుంచో, పిత్తాశయం నుంచో వచ్చి భుజంలో తెలుస్తూ ఉంటుంది. నొప్పి ఎంత తీవ్రంగా ఉందన్న దానికన్నా ఏ కదలిక పోయిందన్నదే జబ్బును ఎక్కువగా పట్టి ఇస్తుంది.

తుంటి కీలులో తొడ ఎముక తల లోతైన గిన్నెలో కూర్చుని ఉంటుంది. భుజంలో అలాంటి భద్రత లేదు. జబ్బ ఎముక పైభాగంలోని గుండ్రటి తల పెద్దది, అది ఆనుకునే రెక్క ఎముక గుంట చిన్నది, లోతు లేనిది. ప్రమిదలో నిమ్మకాయ నిలబెట్టినట్టుగా ఉంటుంది ఆ అమరిక. శరీరంలో మరే కీలూ తిరగనన్ని దిక్కులకు భుజం తిరగగలగడానికి కారణం ఆ లోతులేనితనమే, తేలికగా దెబ్బతినడానికి కారణమూ అదే. నిమ్మకాయ జారిపోకుండా పట్టి ఉంచే పని నాలుగు కండరాలది. అవి రెక్క ఎముక మీద పుట్టి, టెండన్లు అనే తాడులాంటి కొసలుగా మారి, జబ్బ ఎముక తలను ముందు నుంచి, పై నుంచి, వెనుక నుంచి చుట్టుకుంటాయి. ఈ నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. వాటికి పైన రెక్క ఎముక నుంచే ముందుకు పొడుచుకు వచ్చిన ఎముక చూరు ఒకటి ఉంటుంది. చూరుకూ టెండన్లకూ మధ్య రాపిడి తగ్గించడానికి బర్సా అనే పలుచటి సంచి ఉంటుంది. ఇక అన్నిటికన్నా లోపల, కీలును చుట్టి ఒక పొర ఉంటుంది. అది కింది వైపు మడతలు పడి వదులుగా ఉంటుంది కాబట్టే, చెయ్యి పైకెత్తినప్పుడు ఆ మడతలు విచ్చుకొని చోటిస్తాయి. భుజం నొప్పుల్లో ఎక్కువ భాగం ఈ టెండన్లు, ఈ బర్సా, ఈ పొర చుట్టూనే తిరుగుతాయి. మోకాలిలాగా అరిగిపోయి నొప్పి పుట్టడం భుజంలో తక్కువ.

వేసవి చివర చిత్తూరు జిల్లా తోటల్లో తోతాపురి మామిడి కోతలు మొదలైతే, పొడవాటి గెడకు చిక్కం కట్టి, పొద్దస్తమానం రెండు చేతులూ తల కన్నా పైన ఉంచి కాయలు కోసే పని వారాల తరబడి సాగుతుంది. చెయ్యి పైకి లేచిన ప్రతిసారీ టెండన్ ఆ ఎముక చూరు కింద నుంచి దూరి వెళ్లాలి. అలవాటు లేని శ్రమ ఒక్కసారిగా మీద పడితే టెండన్ వాచి, బర్సా కూడా వాచి, ఆ ఇరుకు చోటు మరింత ఇరుకవుతుంది. తిరుమల కల్యాణకట్టలో గంటల తరబడి చెయ్యి చాపి తలనీలాలు తీసేవారికీ, గోడలకు రంగులు వేసేవారికీ, నల్లబల్ల మీద రాసే ఉపాధ్యాయులకూ ఇదే ముప్పు ఉంది. ఈ నొప్పి భుజం మొన మీద కన్నా, చిన్నప్పుడు సూది వేయించుకున్న చోట, అంటే జబ్బ బయటి వైపున ఎక్కువగా తెలుస్తుంది. చెయ్యి పక్క నుంచి పైకెత్తేటప్పుడు సుమారు 60 డిగ్రీల నుంచి 120 డిగ్రీల మధ్య నొప్పి పుట్టి, ఆ మెట్టు దాటాక తగ్గడం దీని గుర్తు. రాత్రి ఆ వైపుకు తిరిగి పడుకుంటే మెలకువ వస్తుంది.

వీరిలో అత్యధికులకు శస్త్రచికిత్స అవసరం ఉండదు. నొప్పి పుట్టించే పనిని పూర్తిగా మానకుండా తగ్గించుకోవడం, రెక్క ఎముక చుట్టూ ఉన్న కండరాలకూ రొటేటర్ కఫ్‌కూ క్రమంగా బలం పెంచే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకొని 6 నుంచి 12 వారాల పాటు ఇంట్లో చేయడం, పడుకునేటప్పుడు చేతి కింద దిండు పెట్టుకోవడం అనేవే ప్రధాన చికిత్స. వారం రోజులు చేసి లాభం లేదని మానేసేవారు ఎక్కువ. టెండన్‌కు రక్తప్రసరణ తక్కువ కాబట్టి అది కండరమంత త్వరగా కోలుకోదని ముందే తెలిస్తే ఆ ఓపిక ఉంటుంది.

టెండన్ తెగడం గురించి రెండు విషయాలు విడివిడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఒకదానికి అనవసరంగా భయపడుతున్నాం, రెండోదాన్ని ప్రమాదకరంగా నిర్లక్ష్యం చేస్తున్నాం. వయసు 60 దాటిన వారిలో టెండన్ పోగులు అరిగి చీలడం తల నెరవడం లాంటి మార్పు. ఏ నొప్పీ లేనివారికి ఎంఆర్‌ఐ తీసినా చాలామందిలో ఆ చీలిక కనబడుతుంది. అందువల్ల స్కానింగ్ కాగితం మీద "చిరుగు" అన్న మాట చూడగానే ఆపరేషన్ తప్పదని అనుకోనక్కర లేదు. కానీ బండి మీద నుంచి పడినప్పుడో, చెట్టు మీద నుంచి జారినప్పుడో, బరువు పట్టుకోబోయి చెయ్యి గుంజుకుపోయినప్పుడో, అప్పటిదాకా బాగున్న చెయ్యి ఆ రోజు నుంచి సొంతంగా లేవడం మానేసి, ఇంకొకరు ఎత్తితే మాత్రం లేస్తుంటే, అది వేరే సంగతి. ఎక్స్‌రేలో ఎముకలు విరగలేదని తేలగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అయితే ఎక్స్‌రేలో టెండన్ కనబడదు. తెగిన టెండన్‌ను దాని కండరం లోపలికి లాక్కుంటూ పోతుంది, కొన్ని నెలల్లో ఆ కండరం క్షీణించి కొవ్వుగా మారుతుంది, ఆ తరువాత కుట్టినా పట్టు నిలవడం కష్టం. కాబట్టి ఇలాంటి మనిషి ఒకటి రెండు వారాల్లోనే ఎముకల వైద్యుడికి మళ్లీ చూపించుకోవాలి, అల్ట్రాసౌండో ఎంఆర్‌ఐయో అవసరమా అని అడగాలి. ఎక్స్‌రే బాగుందన్న మాట దగ్గర ఆగిపోయి ఆరు నెలలు పోగొట్టుకోకూడదు.

ఇక గడియ పడిన భుజం. దీన్ని మన ఆసుపత్రుల్లో పెరి ఆర్థరైటిస్ అని, పీఏ షోల్డర్ అని రాస్తారు; ఫ్రోజెన్ షోల్డర్ అన్న పేరు 1934లో అమెరికా శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్ పెట్టింది. పొర వాచి, మందమై, ముడుచుకుపోవడమే ఇందులోని అసలు మార్పు అని 1945లో జూలియస్ నెవియాజర్ గుర్తించాడు. కీలు చుట్టూ ఉండాల్సిన ఆ మడతలు అతుక్కుపోతే చెయ్యి కదలడానికి చోటే మిగలదు. అందుకే ఎవరు ఎత్తినా లేవదు. అన్నిటికన్నా ముందు పోయేది చేతిని బయటికి తిప్పే కదలిక. రెండు మోచేతులనూ పక్కటెముకలకు ఆనించి, ముంజేతులను ముందుకు చాపి, తలుపు రెక్కల్లా రెండింటినీ బయటికి తెరిచి చూస్తే, బాగున్న వైపు తెరుచుకున్నంతగా జబ్బు వైపు తెరుచుకోదు. ఆడవాళ్లకు ఇది జడ వేసుకునేటప్పుడు, రవిక చేతులు తొడుక్కునేటప్పుడు తెలుస్తుంది. మగవాళ్లకు ప్యాంటు వెనక జేబులో చెయ్యి పెట్టలేనప్పుడు తెలుస్తుంది. మా అమ్మకు శ్రీవారి దర్శనం క్యూలో, "గోవిందా" అని రెండు చేతులూ ఎత్తబోతే ఒకటే లేచినప్పుడు తెలిసింది.

అమ్మ విషయంలో మేం చేసిన తప్పులు చెప్పడం అవసరమనిపిస్తోంది. నీళ్ల బిందె ఎత్తడం వల్ల నరం పట్టిందని ఇంట్లో అందరం అనుకున్నాం. ఒక చోట నూనెతో గట్టిగా తోమించి, మరో చోట కట్టు కట్టించి, చెయ్యి కదపకుండా రెండు నెలలు ఉంచాం. నొప్పి తగ్గకపోగా చెయ్యి నడుము దగ్గరే ఆగిపోయింది. చివరికి చూపించిన వైద్యుడు భుజాన్ని పరీక్షించి, భుజం గురించి ఏమీ చెప్పకముందే రక్తంలో చక్కెర పరీక్ష రాశాడు. పరగడుపు లెక్కా, మూడు నెలల సగటు లెక్కా రెండూ హద్దు దాటి ఉన్నాయి. ఆమెకు మధుమేహం ఉందని అంతవరకు ఎవరికీ తెలియదు.

మామూలు జనంలో 2 నుంచి 5 శాతం మందికి వచ్చే ఈ జబ్బు, మధుమేహం ఉన్నవారిలో 10 నుంచి 20 శాతం మందికి వస్తుందన్నది వైద్యులు సాధారణంగా చెప్పే లెక్క. చక్కెర ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే పొరలోని కొల్లాజెన్ అనే పోగుల మధ్య అతుకులు పడి అవి సాగే గుణం కోల్పోతాయన్నది దీనికి ఇచ్చే వివరణల్లో ఒకటి. 40 నుంచి 60 ఏళ్ల మధ్య వయసులో, మగవారి కన్నా ఆడవారిలో ఇది ఎక్కువ. థైరాయిడ్ జబ్బులు ఉన్నవారికీ, రొమ్ము శస్త్రచికిత్స జరిగినవారికీ, విరిగిన చేతికి కట్టు కట్టి చాలాకాలం కదపకుండా ఉంచినవారికీ ముప్పు పెరుగుతుంది. అందువల్ల ఏ దెబ్బా తగలకుండా భుజం బిగుసుకుపోయిన మనిషికి చక్కెర పరీక్ష చేయించడం భుజం చికిత్సలో భాగమే తప్ప అదనపు ఖర్చు కాదు.

ఈ జబ్బు మూడు దశలుగా నడుస్తుంది. మొదటి కొన్ని నెలలు నొప్పి ఎక్కువ, ముఖ్యంగా రాత్రుళ్లు. కదలిక రోజురోజుకీ తగ్గుతుంది. రెండో దశలో నొప్పి కొంత శాంతించి బిగువు మిగులుతుంది. మూడో దశలో మెల్లగా వదులవుతుంది. మొత్తం కలిపి ఏడాది నుంచి మూడేళ్లు పట్టవచ్చు, కొందరిలో కొంత బిగువు ఎప్పటికీ మిగిలిపోతుంది, మధుమేహం ఉన్నవారిలో ఇది ఎక్కువ. ఏ దశలో ఏ చికిత్స అన్నదే ఇక్కడ కీలకం. నొప్పి దశలో కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చాలామందికి మంచి ఉపశమనం ఇస్తుంది, అయితే అది కొన్ని రోజుల పాటు చక్కెరను పెంచుతుంది కాబట్టి మధుమేహం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పి, ఆ రోజుల్లో చక్కెర చూసుకుంటూ ఉండాలి. ఇదే దశలో బలవంతంగా విరిచినట్టు చేసే వ్యాయామం మంట పెంచుతుంది. ముందుకు వంగి, ఒక చెయ్యి బల్ల మీద ఆనించి, నొప్పి ఉన్న చేతిని నీళ్ల చెంబు వేలాడినట్టు వేలాడదీసి లోలకంలా మెల్లగా ఊపడం ఈ దశకు సరిపోతుంది. నొప్పి తగ్గాక గోడ మీద వేళ్లతో పైకి పాకించడం, కండువాను వీపు వెనక రెండు చేతులతో పట్టుకొని మంచి చేత్తో పైకి లాగడం మొదలుపెట్టవచ్చు. వ్యాయామానికి ముందు వేడి కాపడం పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, కానీ మధుమేహంతో స్పర్శ తగ్గినవారికి చర్మం కాలినా తెలియదు. వేడి ఎంతుందో ఇంకొకరు చూసి చెప్పాలి. నెలల తరబడి ఇవన్నీ చేసినా కదలిక రానివారికి పొరను కీహోల్ శస్త్రచికిత్సతో, అంటే చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్‌తో, వదులు చేసే మార్గం కూడా ఉంది.

కట్టు గురించి మాట్లాడకుండా ఈ ప్రాంతంలో భుజం గురించి రాయడం కుదరదు. పుత్తూరు కట్టు కోసం తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం తరతరాలుగా వస్తున్నారు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డ పేలికలతో కట్టే ఆ పద్ధతి మీద వారికి నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఎముక విరిగిన చోట కదలకుండా ఉంచడంలో ఒక అర్థం ఉంది. బిగుసుకుపోయిన భుజాన్ని కట్టి ఉంచడం మాత్రం దాని జబ్బుకే బలం ఇవ్వడం అవుతుంది. కట్టు ఎవరు కట్టినా, ఎక్కడ కట్టినా, అంతకుముందు ఎక్స్‌రే ఉండాలి. పెద్దవయసువారిలో భుజం దగ్గర ఎముక విరిగినప్పుడు వైద్యులు కూడా చాలామందికి మెడకు వేలాడే గుడ్డ ఊయలతోనే చికిత్స చేస్తారు, అయితే చాలా సందర్భాల్లో రెండు మూడు వారాల్లోపే మెల్లగా కదిలించడం మొదలుపెట్టిస్తారు. ఆ రెండో సగం వదిలేస్తే ఎముక అతికినా చెయ్యి లేవదు.

భుజం కీలు జారినప్పుడు ఆలస్యం పనికిరాదు. జారిన వాటిలో 95 శాతం దాకా ముందు వైపుకే జారతాయి; భుజం గుండ్రదనం పోయి పలకలా కనబడుతుంది, చెయ్యి కదపనివ్వరు. ఆ చోటనే లాగి ఎక్కించబోతే పక్కనే ఉన్న నరం, రక్తనాళం దెబ్బతినవచ్చు, దాగి ఉన్న విరుగు పెద్దది కావచ్చు. గుడ్డతో చేతిని ఒంటికి ఆనించి ఆసుపత్రికి తీసుకుపోవడమే చేయాల్సిన పని. కుర్రవాళ్లలో ఇది మళ్లీ మళ్లీ జారే అవకాశం ఎక్కువ కాబట్టి కీలు ఎక్కిన తరువాత కూడా చూపించుకోవాలి. వెనక్కి జారడం అరుదు, కానీ మూర్ఛ వచ్చిన తరువాతో, బోరు మోటారు దగ్గర కరెంటు షాక్ కొట్టిన తరువాతో భుజం బిగుసుకుపోతే దాన్ని అనుమానించాలి. మామూలుగా తీసే ఒక్క ఎక్స్‌రేలో అది తప్పిపోతూ ఉంటుంది. చెయ్యి బయటికి తిరగదు గనుక ఫ్రోజెన్ షోల్డర్ అని పొరబడడమూ జరుగుతుంది.

ఒక్క రాత్రిలో భరించలేని నొప్పి పుట్టి, ఎక్స్‌రేలో టెండన్ దగ్గర సున్నపు (కాల్షియం) ముద్ద కనబడితే అది కాల్సిఫిక్ టెండినైటిస్ కావచ్చు. ఆ ముద్ద కరిగే దశలోనే నొప్పి తీవ్రంగా ఉంటుంది, చాలామందిలో అది తనంతట తానే కరిగిపోతుంది. ఈ ముద్దకూ, తాగే పాలకూ, తినే సున్నపు బిళ్లలకూ సంబంధం లేదు.

మూడో రకానికి, అంటే భుజం చక్కగా తిరుగుతూనే నొప్పి ఉన్నవారి దగ్గరికి వద్దాం. మెడ వెన్నుపూసల మధ్య నరం నొక్కుకుంటే నొప్పి మెడ నుంచి రెక్క ఎముక మీదుగా భుజానికి, అక్కడి నుంచి మోచెయ్యి దాటి వేళ్ల దాకా పాకుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. చేతిని తల మీద పెట్టుకుంటే హాయిగా ఉందని కొందరు చెబుతారు. రొటేటర్ కఫ్ నొప్పి ఉన్న మనిషికి ఆ భంగిమే నరకం. మోచేతి కిందికి పోని నొప్పి భుజానిదని, వేళ్ల దాకా పోయేది మెడదని ఒక మోటు లెక్క వేసుకోవచ్చు.

గుండె సంగతి వేరు. అలిపిరి కాలిబాటలో 3,550 మెట్లున్నాయి, వాటిలో గాలిగోపురం దాకా ఉన్నవి నిట్టనిలువుగా ఉంటాయి. ఆ మెట్లెక్కుతుంటే ఎడమ భుజంలోనో, రెండు భుజాల్లోనో బరువుగా నొప్పి మొదలై, కూర్చుంటే తగ్గి, మళ్లీ ఎక్కితే మళ్లీ వస్తూ, చేతిని ఎటు తిప్పినా ఆ నొప్పిలో తేడా లేకపోతే, అది సంచి మోసిన నొప్పి అనుకొని బామ్ రాసుకోకూడదు. ఎక్కడం అక్కడే ఆపాలి. దానితో పాటు చెమటలు, ఆయాసం, దవడలో నొప్పి, ఛాతీలో బిగువు ఉంటే, లేదా కూర్చున్నా తగ్గకపోతే, సిబ్బందిని పిలిపించి 108కు చెప్పించాలి. మధుమేహం ఉన్నవారిలో, ఆడవారిలో ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. ఈసీజీ తీయడానికి కొద్ది నిమిషాలు చాలు, గుండె కండరం చచ్చిపోవడానికి ఎన్నో గంటలు పట్టదు.

పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే డయాఫ్రమ్ పొరకు వెళ్లే నరం మెడలోనే పుడుతుంది, భుజం మొన చర్మానికి వచ్చే నరాలు కూడా అదే చోటు నుంచి వస్తాయి. అందుకే డయాఫ్రమ్ కింద మంట పుడితే మెదడు దాన్ని భుజం నొప్పిగా చదువుకుంటుంది. నూనె వస్తువులు తిన్న తరువాత కుడి డొక్కలోనూ కుడి భుజంలోనూ నొప్పి వస్తే పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయేమో చూడాలి. నెల తప్పిన స్త్రీకి పొత్తికడుపు నొప్పి, కళ్లు తిరగడంతో పాటు భుజం మొనలో నొప్పి వస్తే, గర్భం గర్భసంచి బయట నిలిచి లోపల రక్తస్రావం అవుతూ ఉండవచ్చు. అది నిమిషాల్లో తేల్చాల్సిన ప్రమాదం. ఏళ్ల తరబడి బీడీలు, సిగరెట్లు తాగిన మనిషికి రాత్రీ పగలూ తగ్గని భుజం నొప్పితో పాటు అదే వైపు కనురెప్ప వాలడం, చేతి కండరాలు సన్నబడడం కనబడితే ఊపిరితిత్తి పైకొసను ఛాతీ ఎక్స్‌రేలో చూడాలి. ఒకే వైపు చర్మం మండుతున్నట్టు ఉండి, నాలుగైదు రోజులకు నీటి పొక్కులు లేస్తే అది సర్పి; పొక్కులు లేచిన మొదటి మూడు రోజుల్లో మందు మొదలుపెడితే ఎక్కువ మేలు.

జ్వరంతో పాటు భుజం ఎర్రబడి, వేడెక్కి, ఏ కొంచెం కదిపినా ప్రాణం పోయినంత నొప్పిగా ఉంటే కీలులో చీము పట్టి ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రిలో చేరాలి. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, మెల్లగా పెరిగే బిగువు ఉంటే అరుదుగానైనా కీలు క్షయ ఉంటుంది. ఇదివరకు క్యాన్సర్ వచ్చి తగ్గినవారికి భుజంలో కొత్త నొప్పి మొదలైతే, అది చిన్నదే అయినా, ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి. ఇవేవీ లేకుండా మామూలు నొప్పి రెండు మూడు వారాలకు తగ్గుముఖం పట్టకపోయినా, రాత్రి నిద్ర పాడుచేస్తున్నా చూపించుకోవాలి. ఆలోగా మందుల షాపులో నొప్పి బిళ్లలు అడిగి కొనుక్కొని వారాల తరబడి మింగడం మూత్రపిండాలకూ కడుపుకూ చేటు. రక్తపోటు, మధుమేహం ఉన్నవారికి ఈ చేటు ఇంకా ఎక్కువ.

తిరుపతిలో రుయా, స్విమ్స్, ఎముకల జబ్బుల కోసం తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బర్డ్ ఆసుపత్రులు ఉన్నాయి. చిత్తూరు వైపు వారు చాలామంది రాయవేలూరుకు (వెల్లూరుకు) పోతారు. ఎక్కడికి పోయినా ఓపీలో దొరికేది కొద్ది నిమిషాలే. నొప్పి ఎప్పుడు మొదలైంది, పడ్డారా లేదా, ఎవరైనా ఎత్తితే చెయ్యి లేస్తుందా, నొప్పి వేళ్లదాకా పోతుందా, చక్కెర, థైరాయిడ్ ఉన్నాయా, ఇదివరకు ఇంజెక్షన్ వేయించుకున్నారా అన్నవి ముందే కాగితం మీద రాసుకొని వెళ్లాలి, పాత ఎక్స్‌రేలు వెంట తీసుకుపోవాలి. రెండు భుజాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప పరీక్ష పూర్తి కాదు కాబట్టి, సులువుగా తీయగలిగే వదులు బట్టలు వేసుకొని వెళ్లడం మంచిది.